పాఠకుల ప్రశ్నలకు జవాబులు: కాన్పులో కటి కండరాల సాగుదల, కంప్యూటరు నమూనాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో అయిదు ఒకే విషయానికి సంబంధించినవి. అందుకని మిగిలినవాటిని వచ్చే సంచికకు వాయిదా వేసి, చోటంతా వీటికే ఇస్తున్నాను. రాసినవారి పేర్లను వారి కోరిక మేరకు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నా తొలి కాన్పులో చాలా సేపు ముక్కాల్సి వచ్చింది. చివరికి ఫోర్సెప్స్ పెట్టి బిడ్డను తీశారు. ఏడాది దాటినా కింద ఏదో జారుతున్నట్టు బరువుగా ఉంటోంది. ఈ మధ్య స్కాన్ చేసిన డాక్టరు గారు కుడివైపు కండరం ఎముక నుంచి ఊడివచ్చిందని చెప్పారు. కాన్పు గదిలో “నువ్వు సరిగ్గా ముక్కడం లేదు” అని నన్ను కోప్పడ్డారు. ఆ మాట ఇప్పటికీ నన్ను వదలడం లేదు. ఇది నా తప్పు వల్లే జరిగిందా? ఇలాంటి గాయాలను కంప్యూటరులో పెట్టి పరిశీలిస్తున్నారని ఎక్కడో చదివాను. అందులో ఏం తేలింది?

జవాబు: మీ మనసును తొలుస్తున్న ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. కండరం ఊడటం మీ తప్పు వల్ల జరగలేదు. మిమ్మల్ని ఊరడించడానికి ఈ మాట అనడం లేదు. కాన్పులో ఆ కండరంపై పడే భారాన్ని లెక్కగట్టినవారు ముఖ్యంగా పట్టించుకోవలసి వచ్చింది బిడ్డ తల కొలతలనూ, అది దిగే తీరునూ, తల్లి కటి నిర్మాణాన్నీ, కాన్పుకు వాడిన సాధనాలనే తప్ప, తల్లి చేసిన ప్రయత్నంలోని లోపాన్ని కాదు.

కటి ఎముకల అడుగున, ముందు జఘనాస్థి నుంచి వెనక వెన్నెముక కొసన ఉండే అనుత్రికాస్థి వరకు జోలెలా పరుచుకున్న కండరాల సముదాయాన్ని కటితలం అంటారు. డాక్టర్ల నోట వినిపించే పెల్విక్ ఫ్లోర్ ఇదే. మూత్రాశయాన్నీ, గర్భసంచినీ, పెద్దపేగు చివరి భాగాన్నీ కింది నుంచి మోసేది ఇదే. ఇందులో ముఖ్యమైన కండరం లెవేటర్ ఏనై. దాని లోపలి పాయలు జఘనాస్థి లోపలి అంచున రెండు పక్కలా మొదలై, వెనక్కి సాగి, గుర్రపు లాడం ఆకారంలో ఒక సందును చుట్టి ఉంటాయి. మూత్రనాళం, యోని, మలమార్గం ఆ సందులోంచే కిందికి దిగుతాయి. బిడ్డ రావలసిన దారీ అదే. మెడ బాగా వంచి, సరైన తీరులో దిగే నిండు నెలల బిడ్డ తల అడ్డుకొలత సుమారు 9.5 సెంటీమీటర్లు ఉంటుంది. అంటే దాదాపు 30 సెంటీమీటర్ల చుట్టుకొలత, 70 చదరపు సెంటీమీటర్లకు పైబడిన వైశాల్యం గల వలయం ఆ సందును దాటాలి. మామూలు సమయంలో ఆ సందు వైశాల్యం ఇందులో చిన్న భాగం మాత్రమే. కాబట్టి కండరం సాగక తప్పదు. ఎంత సాగుతుంది, ఎక్కడ ఎక్కువగా సాగుతుంది అన్నవే పరిశోధకుల ముందున్న ప్రశ్నలు.

దీన్ని నేరుగా కొలవడం ఎందుకు కుదరదో సులువుగానే ఊహించవచ్చు. నొప్పులు పడుతున్న తల్లి కండరంలోకి కొలిచే పరికరాలు గుచ్చడం వైద్యధర్మం కాదు. ఎంఆర్ఐ యంత్రంలో కాన్పును చిత్రించిన సందర్భాలు వేళ్లమీద లెక్కపెట్టదగినన్నే ఉన్నాయి. 2010లో బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో పక్కలు తెరిచి ఉండే ఎంఆర్ఐ యంత్రంలో ఒక కాన్పును చిత్రించారు. ఫ్రాన్స్‌లోని క్లెర్మాన్-ఫెరాన్‌లో ఏడుగురు తల్లులను ముక్కే దశలో చిత్రించి, ఆ ఏడుగురు బిడ్డల తలలూ దారికి తగ్గట్టు రూపు మార్చుకోవడాన్ని 2019లో ప్రచురించారు. ఆ చిత్రాలు అమూల్యమైనవే, కానీ ఫలానా పాయ ఎంత సాగిందో వాటిలో కనిపించదు. అందుకే కంప్యూటరు అవసరమైంది.

ఈ దిశలో మైలురాయిగా చెప్పుకోదగిన పని 2004లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. జాన్ డిలాన్సీ అనే స్త్రీవైద్య నిపుణుడు, జేమ్స్ యాష్టన్-మిల్లర్ అనే ఇంజనీరు ఉన్న బృందం, అప్పటికి పిల్లలు కలగని 34 ఏళ్ల ఆరోగ్యవంతురాలి ఎంఆర్ఐ చిత్రాల ఆధారంగా లెవేటర్ కండరాన్ని కంప్యూటరులో పాయలు పాయలుగా నిర్మించి, శిశువు తల నమూనాను ఆ దారిలో మెల్లగా దించి, ఒక్కో పాయ తన మొదటి పొడవుకు ఎన్ని రెట్లు అవుతుందో లెక్కించింది. అన్నింటికన్నా పొట్టిదీ, మధ్యగీతకు దగ్గరగా ఉండేదీ, జఘనాస్థికి ఆనుకుని ఉండేదీ అయిన ప్యూబోకాక్సీజియస్ లోపలి పాయ 3.26 రెట్లు సాగింది. మిగిలిన భాగాల్లో గరిష్ఠ సాగుదల సుమారు 2.3 నుంచి 2.7 రెట్ల మధ్య ఉంది. తల అడ్డుకొలతను 9 శాతం పెంచితే ఆ లోపలి పాయ సాగుదల కూడా అంతే మేరకు పెరిగింది.

ఇక్కడ మీరు ఒక విషయం గమనించాలి. ఆ నమూనాలో సరిగ్గా ముక్కే తల్లి, ముక్కని తల్లి అన్న భేదమే లేదు. తల ఆ సందును దాటాలంటే లోపలి పాయ అంత పొడవుకు చేరక తప్పదు. ఆ పొడవును నిర్ణయించేది తల కొలత, ఎముకల అమరిక, పాయ మొదటి పొడవు. పొట్టి తాడునూ పొడుగు తాడునూ ఒకే వస్తువు చుట్టూ తిప్పవలసి వస్తే పొట్టి తాడే ఎక్కువ సాగాలి కదా. ఆ పొట్టి తాడు ఎముకకు అతుక్కునే చోటే మీ స్కాన్‌లో ఊడినట్టు కనిపించిన చోటు కూడా.

లెక్క చూపిన చోటూ గాయం కనిపించిన చోటూ ఒకటే కావడం కాకతాళీయం కాదని నా అభిప్రాయం. అంతకు ముందే, 2003లో, ఇదే విశ్వవిద్యాలయం ప్రచురించిన ఎంఆర్ఐ పరిశీలనలో పిల్లలు కలగని 80 మందిలో ఒక్కరికీ ఈ కండరంలో లోపం కనిపించలేదు. ఒక కాన్పు అయిన 160 మందిలో మాత్రం 32 మందికి కనిపించింది. వారిలో అత్యధికులకు లోపం ఉన్నది జఘనాస్థి దగ్గరి పాయల్లోనే. (ఆ 160 మందిలో సగం మందిని మూత్రం లీకయ్యే బాధ ఉన్నవారి నుంచే ఎంచుకున్నారు కాబట్టి, ఈ లెక్కను తల్లులందరికీ వర్తించే శాతంగా తీసుకోకూడదు.) ఫోర్సెప్స్ వాడిన కాన్పుల్లో ఈ గాయం ఎక్కువగా కనిపిస్తుందని పలు పరిశీలనలు చెబుతున్నాయి. అయితే బిడ్డ గుండె వేగం తగ్గినప్పుడో, తల్లి పూర్తిగా అలసిపోయినప్పుడో ఆ సాధనమే బిడ్డను కాపాడుతుంది. మీ విషయంలో ఏ కారణంతో వాడారో నాకు తెలియదు కనుక, వాడకుండా ఉండవలసిందని నేను అనలేను.

ఊడిన పాయ దానంతట అది తిరిగి ఎముకకు అతుక్కుంటుందని ఆశించలేం. కానీ రెండో వైపు కండరం, అదే వైపు మిగిలిన పాయలు పనిచేస్తూనే ఉంటాయి. వాటిని బలపరచడానికి ఈ విషయంలో శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టును, జారుడు ఎంతమేరకు ఉందో తేల్చడానికి ఇలాంటి కటి సమస్యలు చూసే స్త్రీవైద్య నిపుణులను (యూరోగైనకాలజిస్టును) తప్పక కలవండి. బరువుగా అనిపించడాన్ని తగ్గించేందుకు లోపల అమర్చే పెసరీ వంటి సాధనాలు కూడా ఉన్నాయి. మరో కాన్పు గురించి ఆలోచించే ముందు ఈ స్కాన్ రిపోర్టును మీ డాక్టరు ముందు ఉంచి మాట్లాడండి.

ప్రశ్న: నేను మెకానికల్ ఇంజనీరింగ్ విద్యార్థినిని. కాళ్లూ చేతుల కండరాలు మొదటి పొడవుకు 1.5 రెట్లు దాటి సాగితే దెబ్బతింటాయని చదివాను. కాన్పులో 3.26 రెట్లు సాగితే ప్రతి తల్లికీ కండరం తెగిపోవాలి కదా? పైగా మరో నమూనాలో గరిష్ఠ సాగుదల 1.63 మాత్రమేనని ఉంది. రెండింటిలో ఏది సరైనది?

జవాబు: చాలా మంచి ప్రశ్న. దీనికి కొంచెం వివరంగానే చెప్పవలసి ఉంటుంది.

మొదట పదాల సంగతి. 3.26 అనేది సాగుదల నిష్పత్తి, అంటే సాగిన పొడవును మొదటి పొడవుతో భాగిస్తే వచ్చేది. వికృతి అంటే పెరిగిన పొడవును మొదటి పొడవుతో భాగిస్తే వచ్చేది. కాబట్టి అదే సాగుదల వికృతిగా చెబితే 2.26, అంటే 226 శాతం. ఈ రెంటినీ కలగాపులగం చేసిన వ్యాసాలు తరచుగా కనిపిస్తాయి. ఒక పరిశోధనలోని శాతాన్ని మరో పరిశోధనలోని నిష్పత్తితో పోల్చే ముందు ఏది ఏదో చూసుకోవాలి.

ఇక 1.63 వచ్చింది 2008లో పోర్చుగల్‌లోని పోర్టో విశ్వవిద్యాలయ బృందం ప్రచురించిన నమూనా నుంచి. తల 60 మిల్లీమీటర్లు కిందికి దిగిన దశకు ఆ విలువ చెప్పారు. అదే ఏడాది అమెరికాలో ప్రచురితమైన మరో నమూనాలో సాగుదల 3.5 రెట్ల వరకు వెళ్లింది. ఒకే కండరానికి, ఒకే పనికి, ఇంత దూరదూరంగా ఉన్న విలువలు ఎందుకు వచ్చాయో తెలియాలంటే నమూనాను ఎలా కడతారో చూడాలి.

మిషిగన్ బృందం 2004 నాటి పని ప్రధానంగా జ్యామితి మీద ఆధారపడింది. పాయ రెండు కొనలూ ఎక్కడున్నాయో తెలుసు, మధ్యలోంచి తల వెళ్తుంది, ఆ తల చుట్టూ తిరిగి వెళ్లడానికి పాయ ఎంత పొడవు కావాలో లెక్కిస్తారు. పోర్టో బృందం వాడింది ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి. ఇందులో కండరాన్ని వేల చిన్న ముక్కలుగా విభజించి, ప్రతి ముక్కకూ పదార్థ ధర్మాలను ఇస్తారు. కండరంలో నీరే అధికం కనుక దాని ఘనపరిమాణం దాదాపు మారదన్న నియమం పెడతారు. నారలు ఏ దిశలో ఉన్నాయో చెప్పి, ఆ దిశలో ఒక తీరుగా, అడ్డంగా మరో తీరుగా సాగేలా చేస్తారు. అంచులు ఎముకకు ఎక్కడ బిగిసి ఉన్నాయో నిర్దేశించాక తలను దించుతూ ప్రతి అడుగులోనూ బలాల సమతౌల్యాన్ని సాధిస్తారు. ఇలాంటి అవిచ్ఛిన్న పదార్థంలో ఒక చోటి భారం పక్క ముక్కలకు పంచుకుపోతుంది. విడివిడి పాయల నమూనాలో అలా పంచుకోవడం ఉండదు. రెండు విలువల తేడాకు ఇది ఒక కారణం.

రెండోది, మొదటి పొడవు అని దేన్ని అంటున్నాం అన్నది. జఘనాస్థి దగ్గర మొదలైన పాయ ఎక్కడ ముగుస్తుందో నిర్ణయించడంలో కొద్ది తేడా వచ్చినా, పొట్టి పాయ విషయంలో నిష్పత్తి బాగా మారిపోతుంది. భాజకం చిన్నదైతే అందులోని చిన్న పొరపాటు కూడా పెద్దదవుతుంది. మూడోది, ఎవరి శరీరం అన్నది. మిషిగన్ నమూనా జీవించి ఉన్న యువతి చిత్రాల నుంచి, పోర్టో నమూనా మరణించిన ఒక స్త్రీ శరీరం నుంచి తీసిన కొలతలతో కట్టినవి. నాలుగోది, తలను ఎంత దూరం దించి లెక్క ఆపారన్నది. ఇన్ని తేడాలున్నప్పుడు, రెండు అంకెల్లో ఏది సరైనదని అడగడం కన్నా, ఏ అంకె దేనికి జవాబుగా వచ్చిందని అడగడమే మేలు.

ఇప్పుడు మీ మొదటి సందేహానికి వస్తాను. 1.5 అనే హద్దు గర్భం లేని జంతువుల కాళ్ల కండరాల మీద చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది. దాన్ని నిండు గర్భిణి కటి కండరానికి యథాతథంగా వర్తింపజేయడం సబబు కాదని ఇప్పుడు తెలుస్తోంది. 2015లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ డియేగో పరిశోధకులు గర్భంతో ఉన్న ఎలుకల్లో కటి కండరాల నారలు పొడవు పెరగడాన్ని చూపారు. నారలో ఒకదాని వెనక ఒకటి బారుగా ఉండే సార్కోమియర్ అనే సూక్ష్మ భాగాలు కొత్తగా చేరడమే ఆ పెరుగుదలకు కారణం. అవే ఎలుకల కాలి కండరంలో అలాంటి మార్పు లేదు. శరీరం రాబోయే సాగుదలకు ముందే సిద్ధపడుతోందన్న మాట. నాకు ఈ రంగంలో అన్నింటికన్నా ఆశ్చర్యం కలిగించిన విషయం ఇదే. మొదటి పొడవే పెరిగితే, అదే తల దాటడానికి కావలసిన నిష్పత్తి తగ్గుతుంది. చాలా నమూనాలు మాత్రం గర్భం లేని స్త్రీ కొలతలతోనే మొదలవుతాయి కనుక అవి సాగుదలను ఎక్కువ చేసి చూపే అవకాశం ఉంది.

కాలం కూడా ముఖ్యమే. కండరం రబ్బరులా స్థితిస్థాపకత మాత్రమే ఉన్నది కాదు, దానికి చిక్కని ద్రవంలా మెల్లగా జరిగే గుణం, అంటే స్నిగ్ధత కూడా ఉంది. లాగి పట్టుకుంటే కొంతసేపటికి లోపలి ప్రతిబలం (సాగదీతకు ఎదురొడ్డే బలం) తగ్గుతుంది. నొప్పి వచ్చినప్పుడల్లా తల కొంచెం ముందుకు వచ్చి, తగ్గగానే కొంచెం వెనక్కి పోతూ దారిని మెల్లగా తెరిచే తీరులో ఈ ధర్మానికి పెద్ద పాత్ర ఉంది. కాలాన్ని లెక్కలోకి తీసుకోని నమూనా ఎక్కడ ఎంత సాగుతుందో చెప్పగలదు కానీ, మెల్లగా సాగినప్పుడూ ఒక్కసారిగా సాగినప్పుడూ ప్రతిబలంలో వచ్చే తేడాను చెప్పలేదు. ఈ ధర్మాలను కలిపి మిషిగన్ పరిశోధకులు 2012లో మరో నమూనా ప్రచురించారు. కండరం జఘనాస్థికి అతుక్కునే చోటే భారం అత్యధికంగా కేంద్రీకృతమవుతుందని అందులో తేలింది.

విద్యార్థినిగా మీరు మరొకటి కూడా గుర్తుంచుకోవాలి. 2009లో సిడ్నీ పరిశోధకులు కాన్పుకు దగ్గరపడిన 227 మంది తొలిచూలు గర్భిణుల అల్ట్రాసౌండ్ చిత్రాల్లో ఆ సందు చుట్టుకొలతను కొలిచి, తల దాటాలంటే ఎంత వికృతి అవసరమో ఒక్కొక్కరికీ లెక్కగట్టారు. అది ఒకరికి 25 శాతం అయితే, మరొకరికి 245 శాతం. దాదాపు పది రెట్ల తేడా! ఒకే ఒక్క స్త్రీ శరీరం మీద కట్టిన నమూనాలోని అంకెను స్త్రీలందరి అంకెగా చెప్పుకోవడం ఎంత తప్పో దీన్నిబట్టి తెలుస్తుంది. నా మట్టుకు నేను ఈ నమూనాల నుంచి అంకెలను తీసుకోను. ఏ భాగం ముందుగా అపాయంలో పడుతుందన్న వరుసను, ఒక పరిస్థితిని మరో పరిస్థితితో పోల్చినప్పుడు భారం ఎటు మొగ్గుతుందన్న దిశను తీసుకుంటాను.

ప్రశ్న: నాకు ఏడో నెల. నా స్కాన్‌లను కంప్యూటరులో పెట్టి, సహజ కాన్పులో నా కండరం తెగుతుందో లేదో ముందే చెప్పగలరా? చెప్పగలిగితే సిజేరియన్ కోరుకోవచ్చా?

జవాబు: ఇప్పటికైతే చెప్పలేరు. మీ సందు కొలతను, బిడ్డ తల కొలతను అల్ట్రాసౌండ్‌లో చూడవచ్చు. ఎంత సాగగలదు, ఎంత సాగాలి అన్న రెండింటినీ తూచి చూసే లెక్కలను పరిశోధకులు ప్రచురించారు కూడా. కానీ మీ కండరం, దాని చుట్టూ ఉన్న కణజాలం ఎంత మెత్తబడి ఉన్నాయో బయటి నుంచి కొలిచే నమ్మకమైన మార్గం ఇంకా చేతికి రాలేదు. బిడ్డ తల ఏ వైపు తిరిగి దిగుతుందో, ఎంతవరకు రూపు మార్చుకుంటుందో, ఎంతసేపు పడుతుందో ముందుగా తెలియదు. ఇవేవీ తెలియకుండా వేసిన లెక్క మీ ఒక్కరి విషయంలో తీర్పు కాజాలదు. సిజేరియన్ కడుపు కోసి చేసే ఆపరేషన్. రక్తస్రావం, ఇన్ఫెక్షన్, తర్వాతి గర్భాల్లో మాయ అతుక్కుపోవడం వంటి అపాయాలు దానికీ ఉన్నాయి. కండరం గురించిన భయం ఒక్కదానితోనే ఆ నిర్ణయం తీసుకోకండి. మీ డాక్టరుతో మాట్లాడేటప్పుడు బిడ్డ బరువు అంచనాతో పాటు, సాధనాల అవసరం పడితే ఏం చేస్తారన్నది కూడా ముందే అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: నేను గర్భిణులకు వ్యాయామాలు నేర్పుతాను. కటి కండరాలు బాగా బలపడితే బిడ్డ రావడానికి అడ్డుపడతాయని ఒక కంప్యూటరు పరిశోధనలో తేలిందట. అయితే కటి కండరాలను బిగించి వదిలే కీగెల్ వ్యాయామాలు మానిపించాలా?

జవాబు: మానిపించవద్దు. మీరు విన్న మాటలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. పోర్టో బృందం 2010లో ప్రచురించిన నమూనాలో, తల దిగుతున్న సమయంలో కండరం బిగిసి ఉంటే తలకు ఎదురయ్యే అడ్డంకీ, కండరంలో ప్రతిబలమూ పెరిగాయి. అది బిగింపు గురించి చెప్పినది, బలం గురించి కాదు. బలమైన కండరం వదులు కాజాలదని ఎక్కడా లేదు. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో ఒక క్రీడాకారిణినీ, క్రీడాకారిణి కాని ఒక స్త్రీనీ పోల్చి 2008లో చేసిన నమూనాలో మొదటి ఆమె విషయంలో తలను దాటించడానికి ఎక్కువ బలం కావలసి వచ్చిన మాట నిజమే. కానీ అది ఇద్దరు వ్యక్తుల పోలిక మాత్రమే.

నిజమైన తల్లుల మీద ఏం తేలిందో చూడండి. నార్వేలో 301 మంది తొలిచూలు గర్భిణులను రెండు బృందాలుగా చీటీల పద్ధతిలో విడదీసి చేసిన పరీక్ష 2004లో ప్రచురితమైంది. అందులో కటి కండరాల శిక్షణ పొందినవారిలో ముక్కే దశ గంటకు పైబడి సాగినవారు తక్కువగా ఉన్నారు తప్ప ఎక్కువగా లేరు. లెక్కకూ అనుభవానికీ తేడా వచ్చినప్పుడు నేను అనుభవాన్నే నమ్ముతాను. నమూనాలో లేనిదేదో నిజ జీవితంలో ఉందన్న మాట. అది బహుశా కండరాన్ని ఇష్టానుసారం వదులు చేయగల నేర్పే కావచ్చు. ఆర్నాల్డ్ కీగెల్ 1948లో ఈ వ్యాయామాలను ప్రచారంలోకి తెచ్చినప్పటి నుంచి బిగించడం గురించే ఎక్కువగా చెబుతూ వచ్చాం. మీ శిష్యులకు బిగించడం ఎంత శ్రద్ధగా నేర్పుతారో, ఊపిరి వదులుతూ పూర్తిగా సడలించడం కూడా అంతే శ్రద్ధగా నేర్పండి.

కాన్పుకు ముందే బెలూను వంటి సాధనంతో దారిని సాగదీసి సిద్ధం చేసే పద్ధతి గురించి కూడా మీరు చివర్లో అడిగారు. ఈ ఊహ వినడానికి బాగుంటుంది. కానీ 2016లో ప్రచురితమైన నియంత్రిత పరీక్షలో అది కండరం ఊడటాన్ని తగ్గించలేదు.

ప్రశ్న: నేను మిడ్‌వైఫరీ చదువుతున్నాను. యోని ద్వారాన్ని పెద్దది చేసే ఎపిసియోటమీ కోత పెడితే లోపలి కండరానికి రక్షణ దొరుకుతుందా? బిడ్డ ముఖం పైకి ఉన్నప్పుడు కండరానికి నిజంగా ఎక్కువ నష్టమా? కండరంతో పాటు నరం కూడా సాగుతుందా?

జవాబు: రెండో ప్రశ్న నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే లెక్కలూ పడక దగ్గరి అనుభవమూ చక్కగా కలిసేది అక్కడే. బిడ్డ తల వెనుకభాగం తల్లి వెన్ను వైపు ఉండి, ముఖం పైకి ఉన్నప్పుడు మెడ చక్కగా వంగదు. అప్పుడు దారిని దాటవలసిన కొలత 9.5 సెంటీమీటర్ల నుంచి 11.5 సెంటీమీటర్ల వైపు పెరుగుతుంది. పోర్టో బృందం 2009లో ఈ రెండు తీరులనూ పోల్చి చూసింది. ముఖం పైకి ఉన్నప్పుడు కటి కండరాల సాగుదల మరింత ఎక్కువగా వచ్చింది. తల ఏ వైపు తిరిగి ఉందో సకాలంలో గుర్తించడం, తల్లి భంగిమ మార్చి అది తిరగడానికి సమయమివ్వడం ఎందుకు అవసరమో మీ తోటి విద్యార్థినులకు వివరించడానికి ఈ ఒక్క పోలిక చాలు.

ఎపిసియోటమీ విషయంలో నేను జాగ్రత్తగా మాట్లాడదలచుకున్నాను. కంప్యూటరులో పక్కకు ఏటవాలుగా కోత పెట్టినప్పుడు తలకు ఎదురయ్యే బలం తగ్గినట్టు చూపిన నమూనాలు ఉన్నాయి. కానీ కోత కూడా ఒక గాయమే. నమూనాలో దానికి నొప్పి ఉండదు, కుట్లు ఉండవు, మానే కాలం ఉండదు. పైగా కోత పెట్టేది బయటి కణజాలంలో, ఊడేది లోపల ఎముక దగ్గరి పాయ. మామూలుగా అందరికీ కోత పెట్టడాన్ని సిఫారసు చేయడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. పొట్టమీద పైనుంచి నొక్కి బిడ్డను తోయడాన్ని కూడా ఆ మార్గదర్శకాలు సిఫారసు చేయలేదు. వేడినీటి కాపడం, పెరినియం (యోని, మలద్వారాల మధ్య భాగం) మర్దన, తల వెలువడేటప్పుడు చేత్తో ఆనించి కాపాడటం వంటి వాటిని, స్త్రీ ఇష్టాన్ని బట్టి, సూచించాయి. ముక్కాలనే ప్రేరణ తనంతట వచ్చినప్పుడు దాన్ని అనుసరించనివ్వాలని కూడా చెప్పాయి. ఇవి ప్రధానంగా బయటి చిరుగులకు సంబంధించినవి. లోపలి పాయను ఇవి కాపాడతాయని చెప్పుకోకూడదు.

నరం సంగతి. కటితలానికీ, మలద్వార కండరానికీ ఆజ్ఞలు తెచ్చే ప్యూడెండల్ నరం కటి ఎముక పక్కన ఒక ఇరుకు దారిలో బిగిసి ఉండి, అక్కడి నుంచి కొమ్మలుగా చీలుతుంది. తల కటితలాన్ని కిందికి తోసినప్పుడు ఆ కొమ్మలు కూడా లాగబడతాయి. మిషిగన్ బృందం 2005లో ప్రచురించిన నమూనాలో మలద్వారం వైపు వెళ్లే కొమ్మ అత్యధికంగా 35 శాతం సాగింది. నరం 15 శాతం దాటి సాగితే దెబ్బతినే ప్రమాదం ఉందని ప్రయోగాలు చెబుతున్నాయి. కటితలం ఎంత కిందికి దిగితే ఆ కొమ్మ అంత ఎక్కువగా లాగబడుతుందని కూడా ఆ నమూనాలో తేలింది. అందువల్ల కాన్పు తర్వాత గాలినో మలాన్నో ఆపుకోలేకపోతున్నానని ఎవరైనా తల్లి సిగ్గుపడుతూ చెప్పినప్పుడు, కుట్లు మానాయా లేదా అని మాత్రమే చూసి పంపించకండి. మలద్వార కండరం ఎక్కడైనా చిరిగిందేమో, నరం లాగబడిందేమో, లోపలి పాయ ఊడిందేమో మూడూ వేర్వేరుగా పరిశీలించవలసినవి. నరం దెబ్బ చాలామందిలో కొన్ని నెలల్లో మెరుగుపడుతుంది. ఊడిన పాయ విషయంలో అలా ఎదురుచూడటం వల్ల ప్రయోజనం ఉండదు.